ఊళ్లో డెంగీ అవగాహన: కరపత్రం కన్నా ముందు టార్చిలైటు పట్టుకోండి

ప్రశ్న: మాది కోనసీమలో 400 ఇళ్ల ఊరు. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. పోయిన వానాకాలంలో డెంగీ జ్వరాలు బాగా వచ్చాయి. ఈసారి మా యువజన సంఘం తరఫున అవగాహన కార్యక్రమం పెట్టాలనుకుంటున్నాం. చందాలు 40 వేల దాకా వస్తాయి. కొందరు ఫాగింగ్ మిషన్ కొందామంటున్నారు, కొందరు ఫ్లెక్సీలు, కరపత్రాలు, ర్యాలీ అంటున్నారు. ఏది చేస్తే నిజంగా ఫలితం ఉంటుంది?

సమాధానం:

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. ఫాగింగ్ మిషన్ కొనకండి.

నేను మలేరియా విభాగంలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. సగం సర్వీసు రంపచోడవరం వైపు ఏజెన్సీలో, మిగతా సగం మీలాంటి డెల్టా ఊళ్లలో గడిచింది. పొగ మిషన్లు మోయించాను, నేనూ మోశాను. ఆ పొగ గాలిలో ఎగురుతున్న దోమ మీదే పనిచేస్తుంది. డెంగీ దోమ మంచం కింద, కొక్కేనికి తగిలించిన బట్టల వెనక, బీరువా పక్క చీకట్లో కూర్చుంటుంది. మిషన్ చప్పుడు వినగానే జనం తలుపులు, కిటికీలు మూసుకుంటారు. పొగ వీధిలోనే తేలి పోతుంది. ఒకవేళ ఇంట్లోకి వెళ్లినా డ్రమ్ములో ఈదుతున్న దోమ పిల్లల్ని అది ఏమీ చెయ్యదు. అవి మర్నాటి నుంచి ఎప్పటిలాగే రెక్కలు తొడుక్కుని బయటికొస్తాయి. కేసు తేలిన ఇంటి చుట్టుపక్కల, అప్పటికే వైరస్ మోస్తున్న దోమల్ని వెంటనే చంపడానికి పొగ పనికొస్తుంది. అది ఆరోగ్యశాఖ సిబ్బంది చేస్తారు, వాళ్లనే చెయ్యనివ్వండి. మీరు వారం వారం పొగ పెడితే ఇంకో నష్టం ఉంది. "పొగ పెట్టారుగా, ఇక పర్లేదు" అని ఇంటావిడ డ్రమ్ము కడగడం మానేస్తుంది.

ఇక అవగాహన. మీ ఊళ్లో ఎవర్నైనా ఆపి అడగండి, డెంగీ ఎలా వస్తుందని. "దోమలు కుడితే" అంటారు. దోమలు ఎక్కడ పుడతాయంటే "మురికి కాలవల్లో" అంటారు. మొదటి జవాబు సరైనదే. రెండోది మేం నేర్పిన తప్పు. ఈ మాట బాధతోనే రాస్తున్నాను. ఏళ్ల తరబడి "పరిసరాల పరిశుభ్రత" అని గోడల మీద రాయించాం, మైకులో చెప్పాం. అన్ని దోమలకూ కలిపి ఒకే మాట చెప్పాం. నేను పనిచేసిన ఒక ఊళ్లో జనం నా మాట విని, చందాలేసుకుని, కాలవలన్నీ పూడిక తీశారు. బ్లీచింగ్ చల్లారు. ఊరు అద్దంలా ఉంది. ఆ సెప్టెంబరులోనే డెంగీ వచ్చింది. "మీరు చెప్పిందే చేశాం కదండీ" అని ఒక రైతు నన్ను అడిగితే నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఆయన పెరట్లోనే ఉంది. డెంగీ, చికున్‌గున్యా తెచ్చే దోమకి మురికి అక్కర్లేదు. మనం వాడుకునే మంచినీళ్లే దానికి కావాలి. మురికి కాలవలో, సెప్టిక్ ట్యాంకులో పుట్టేది క్యూలెక్స్ దోమ. బోదకాలు దానివల్ల వస్తుంది. మలేరియా దోమది ఇంకో దారి, దాని గురించి చివర్లో చెబుతాను. జనానికి ఈ తేడా తెలియకపోతే డెంగీ అంటే పంచాయతీ వాళ్ల పని, కాలవ పని అనుకుని కూర్చుంటారు. తేడా తెలిస్తే చూపు తమ ఇంటి వైపు తిరుగుతుంది. మీ కార్యక్రమం చెయ్యాల్సింది ఈ ఒక్క మార్పే.

అది కరపత్రంతో రాదు, కళ్లతో చూస్తేనే వస్తుంది. ఒక ఇంటి సంగతి చెబుతాను.

ఆ ఇంట్లో మనవడికి డెంగీ తేలింది. నేను వెళ్లేసరికి వాకిట్లో కల్లాపి చల్లి, ముగ్గేసి ఉంది. "పిన్నిగారూ, మీ నీళ్ల డ్రమ్ము ఒకసారి చూడొచ్చా?" అన్నాను. ఆవిడకి కష్టం వేసింది. "మా ఇంట్లో దోమలెక్కడివి బాబూ? రోజూ రెండుపూటలా ఊడుస్తాను. అందులో ఉన్నవి కుళాయి నీళ్లు" అంది. మూత తీసి టార్చి వేశాను. వెలుతురు పడగానే నీటిమీద వేలాడుతున్న సన్నటి పురుగులు ఒక్కసారిగా మెలికలు తిరుగుతూ అడుగుకి దిగిపోయాయి. కదలకుండా ఒక నిమిషం ఆగితే మళ్లీ ఒక్కొక్కటే పైకొచ్చాయి, గాలి పీల్చుకోవడానికి. గరిటెతో తీసి తెల్ల పింగాణీ పళ్లెంలో పోసి చూపించాను. "అవా! నీళ్ల పురుగులు. ఎప్పుడూ ఉండేవే, ఏం చేస్తాయవి?" అంది.

నేను వాదించలేదు. ఆ నీళ్లు కొన్ని గాజు సీసాలో పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, ఆవిడ వంటింటి కిటికీలో పెట్టి వచ్చాను. మూడో రోజు వెళ్తే ఆవిడే ఎదురొచ్చింది. సీసాలో ఆరేడు దోమలు గోడకి అతుక్కుని ఉన్నాయి, నల్లటి కాళ్ల మీద తెల్లటి చారలతో. ఆవిడ ఆ సీసా పట్టుకుని పక్కింటికి, వాళ్ల పక్కింటికి వెళ్లి "ఇవి మా డ్రమ్ములోవే. నేనే పెంచాను, నేనే నా మనవడికి కుట్టించాను" అని చెప్పింది. అలా అనొద్దమ్మా, అందులో మీ తప్పేం లేదు అన్నాను గానీ, నా ముప్ఫై ఏళ్ల ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ సీసా చేసిన పని చెయ్యలేదు. ఆ వీధిలో ఆ సీజనంతా మళ్లీ పురుగు కనబడలేదు.

అందుకని మీ మొదటి ఖర్చు టార్చిలైట్లు, గరిటెలు, తెల్ల పళ్లేలు, గాజు సీసాలు. ఫ్లెక్సీకి పెట్టే డబ్బుతో ఇవన్నీ వచ్చేస్తాయి. ఒక్క జాగ్రత్త: సీసా గుడ్డ గట్టిగా కట్టండి, చూపించాక ఆ దోమల్ని సీసాలోనే చంపేయండి, వదిలెయ్యొద్దు.

పురుగుని చూపించాక నేర్పాల్సిన రెండో సంగతి, నీళ్లు పారబోస్తే సరిపోదని. డెంగీ ఆడ దోమ గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటి మట్టానికి కాస్త పైన, తడి అంచు మీద. మసి రవ్వల్లా ఉంటాయి, కంటికి సరిగ్గా ఆనవు. నీళ్లు ఎండిపోయినా అవి నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. వేసవిలో ఎండబెట్టి బోర్లించిన తొట్టిలో మొదటి వానకే దోమలు పుట్టడం అందుకే. కాబట్టి డ్రమ్ము ఖాళీ చేసి, లోపలి గోడలు, ముఖ్యంగా అంచు, గట్టిగా తోమాలి. మీ కోనసీమలో కొబ్బరి పీచుకి కరువేముంది! పీచుతో రాసి, కడిగి, వీలైతే కాసేపు ఎండలో ఆరబెట్టి అప్పుడు పట్టుకోవాలి.

గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన వాతావరణంలో సుమారు 7 నుంచి 10 రోజులు. వారానికోసారి తోమితే ఏ పురుగూ దోమ అయ్యేదాకా బతకదు. వారానికోసారి నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే శుక్రవారం డ్రై డే వెనక ఉన్న లెక్క ఇదే. చాలామందికి డ్రై డే తెలుసు, వారమే ఎందుకో తెలియదు. ఎందుకో తెలిసినవాళ్లు వారం తప్పించరు.

"నీళ్లు నిల్వ ఉంచకండి" అని మాత్రం మీ ఊళ్లో చెప్పకండి. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే ఊళ్లో ఆ మాట చెబితే ఆడవాళ్లు మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు, మిగతా మాటలూ వినరు. నిల్వ చేసుకోండి, మూత పెట్టండి అనండి. మూత లేని డ్రమ్ముకి పాత చీర ముక్క రెండు మడతలు వేసి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాలి. గుడ్డ వదులుగా ఉంటే మధ్యలో కుంగి నీళ్లు నిలుస్తాయి, దోమ అక్కడే గుడ్లు పెడుతుంది. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను, మూత ఉందనే ధైర్యంతో ఎవరూ అటు చూడరు. పేదిళ్లకి మీ చందాల్లోంచి సరిపడా మూతలు కొనిపెట్టండి. 40 వేలల్లో పెద్ద భాగం దీనికే పోవాలని నా అభిప్రాయం.

డ్రమ్ములు, సిమెంటు తొట్లు అయ్యాక మరిచిపోయే చోట్లు చాలా ఉంటాయి. ఫ్రిజ్ వెనక అడుగున ఉండే చిన్న ట్రే, దాని సంగతి ఇంటివాళ్లలో సగం మందికి తెలియదు. కూలర్. పూలకుండీ కింద పళ్లెం. మనీ ప్లాంట్ సీసా. పెరట్లో వాడకుండా పడేసిన రోలు, వానకి నిండి అలాగే ఉంటుంది. దింపు తీశాక వదిలేసిన కొబ్బరి చిప్పలు, తాగి పారేసిన బొండాలు. మెకానిక్ షాపు దగ్గర పాత టైర్లు, వీటిలో నీళ్లు ఎంత వంచినా పోవు, కప్పు కింద పెట్టడమే మార్గం. స్లాబు మీద, సన్‌షేడ్ మీద నిలిచిన నీళ్లు. మీ వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు చాలామంది, తాళం వేసిన ఇళ్లు ఎక్కువే ఉంటాయి. వాటి ఓవర్‌హెడ్ ట్యాంకు, లోపలి బాత్రూమ్ బకెట్ ఎవరూ చూడరు. తాళంచెవి ఏ బంధువు దగ్గరుందో కనుక్కుని నెలకోసారైనా తీయించండి, ట్యాంకు మూత గట్టిగా బిగించండి. చేపల చెరువులు, రొయ్యల చెరువుల వల్లే డెంగీ అని మీ ఊళ్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కాదు. డెంగీ దోమ పెద్ద చెరువుల జోలికి పోదు, దానికి ఇంటి దగ్గరి చిన్న పాత్రలే కావాలి. పుట్టిన చోటు నుంచి మహా అయితే 100, 200 మీటర్ల లోపే తిరుగుతుంది. మిమ్మల్ని కుట్టిన దోమ చాలామటుకు మీ ఇంట్లోనో, మీ చుట్టుపక్కల ఇళ్లలోనో పుట్టిందే.

ఇప్పుడు పద్ధతి. 400 ఇళ్లకి 20 మంది చాలు, మనిషికి 20 ఇళ్లు. ఏ పేటకి ఆ పేట వాళ్లే వెళ్లాలి. పెద్ద వీధి కుర్రాళ్లు వచ్చి పేటలో డ్రమ్ములు తనిఖీ చేస్తే అది అవమానంగా తోస్తుంది, తోచడం న్యాయమే. సంఘంలో ఆడపిల్లలు ఉండాలి, వంటిల్లు, పెరడు దాకా వెళ్లాలి కదా. మొదటి రెండు వారాలు మీ ఆశా కార్యకర్తని, ఏఎన్ఎం గారిని వెంటబెట్టుకోండి. పంచాయతీ కార్యదర్శికి ముందే చెప్పండి. నీళ్లలోని దోమ పిల్లల్ని చంపే ఎబేట్ లాంటి మందు ఎక్కడ వెయ్యాలో, ఎంత కొలతో ఆరోగ్య సిబ్బందే చూస్తారు, మీరు చేతికి తీసుకోవద్దు. వాడని బావులు, పెద్ద తొట్లలో దోమ పిల్లల్ని తినే గంబూజియా చేపలు కూడా వాళ్లనే అడిగి వేయించండి. కాలవల్లో, చెరువుల్లో మాత్రం వదలనివ్వకండి, మన నాటు చేపల్ని దెబ్బతీస్తాయి.

ఇంటికి వెళ్లినప్పుడు ఉపన్యాసం వద్దు. "అక్కా, డ్రమ్ము చూద్దామా?" అని అడిగి, టార్చి ఆవిడ చేతికే ఇవ్వండి. పురుగు ఆవిడే కనిపెట్టాలి. నోట్‌బుక్కులో రెండే గళ్లు: చూసిన ఇళ్లు, పురుగు దొరికిన ఇళ్లు. శుక్రవారం సాయంత్రం రామాలయం దగ్గరో, పాల కేంద్రం దగ్గరో బోర్డు మీద వీధి పేరు, అంకె రాయండి. ఇంటి పేర్లు, మనుషుల పేర్లు ఎట్టి పరిస్థితిలోనూ రాయొద్దు. ఒక్కసారి ఒకరి పేరు బయటపెడితే వచ్చే వారం ఆ వీధిలో తలుపులు తెరుచుకోవు. వీధి అంకె తగ్గుతుంటే మాత్రం జనం వాళ్లంతట వాళ్లే పట్టించుకుంటారు. "మన వీధిది ఎంత?" అని టీ కొట్టు దగ్గర మగవాళ్లు అడగడం మొదలుపెడితే మీ పని సగం అయినట్టే.

బడి పిల్లల్ని తప్పకుండా కలుపుకోండి. సైన్స్ మాస్టారితో మాట్లాడి ఒక సీసా తరగతి గదిలో పెట్టించండి. పురుగు, మధ్యలో కామా ఆకారంలో ఉండే ప్యూపా, ఆ తర్వాత దోమ, అన్నీ వారంలోనే పిల్లల కళ్ల ముందు జరిగిపోతాయి. ఆగస్టు 20 దోమల దినం. 1897లో అదే రోజున సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు, 1902లో ఆయనకి నోబెల్ వచ్చింది. మన నేల మీద జరిగిన పని అది. పిల్లలకి ఆ కథ చెప్పి, అదే రోజు టార్చి ఇచ్చి ఇళ్లకి పంపండి. ర్యాలీ కావాలనుకుంటే ఆ రోజే చేసుకోండి, కానీ దాంతో ఆపేయకండి.

దోమ సంగతి ఎంత చెప్పినా జ్వరం సంగతి చెప్పకపోతే ప్రాణాలు పోతాయి. నాకు నిద్రపట్టని రాత్రులన్నీ ఈ భాగం గురించే.

డెంగీలో ప్రమాదం జ్వరం 104 ఉన్నప్పుడు కాదు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం తగ్గుతుంది చూడండి, అప్పుడు. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, బిడ్డ నీరసంగా పడుకుంటే "జ్వరం తగ్గిందిగా, నీరసం ఉంటుందిలే" అనుకుంటారు. ఆ ఒకటి రెండు రోజులే కనిపెట్టుకుని ఉండాలి. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మలం నల్లగా రావడం, చేతులు కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గడం, మగత, చిరాకు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. కరపత్రం వేయాలనే ఉంటే ఈ నాలుగు లైన్లు పెద్దక్షరాలతో వేసి ప్రతి ఇంటి తలుపు వెనక అంటించండి.

జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే. ఒళ్లు నొప్పులని బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి వాడితే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. మీ ఊరి ఆర్ఎంపీ డాక్టరుతో విడిగా, గౌరవంగా కూర్చుని ఈ మాట చెప్పండి. జనం మొదట వెళ్లేది ఆయన దగ్గరికే. ఆయన్ని శత్రువుని చేసుకుంటే మీకు నష్టం, కలుపుకుంటే జ్వరం వచ్చిన రోజే మీకు కబురు అందుతుంది. మజ్జిగ, ఓఆర్ఎస్, కొబ్బరి నీళ్లు, గంజి ఎక్కువగా పట్టించాలి. ప్లేట్‌లెట్ల అంకె చూసి టెన్షన్ పడి అప్పులు చేసి పరిగెత్తేవాళ్లని చాలామందిని చూశాను. రక్తస్రావం లేనప్పుడు కౌంటు 10 వేల కన్నా కిందికి పోతే తప్ప సాధారణంగా ఎక్కించాల్సిన పని రాదు, అది డాక్టరు నిర్ణయించాలి. బొప్పాయి ఆకు రసం తాగుతామంటే గొడవపడకండి, కానీ దాన్ని నమ్ముకుని ఆసుపత్రికి వెళ్లడం ఆపొద్దని చెప్పండి. పరీక్ష విషయంలో, మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 అనే రక్తపరీక్ష, ఆ తర్వాత ఐజీఎం అనే రక్తపరీక్ష. కార్డు టెస్టులో తేలినా ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలీసా అనే ల్యాబ్ పరీక్షతో నిర్ధారించుకోవాలి.

ఇంకో రెండు మాటలు జనం నోట్లో పడాలి. జ్వరం ఉన్న మనిషిని పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టాలి. డెంగీ దోమ పగలే కుడుతుంది, పొద్దున్న, సాయంత్రం మరీ ఎక్కువ. రోగిని కుట్టిన దోమే వైరస్‌ని పక్కవాళ్లకి మోస్తుంది. రెండోది, "పోయిన ఏడాది వచ్చేసింది, ఇక రాదు" అనేవాళ్లకి చెప్పండి, డెంగీ వైరస్‌లో నాలుగు రకాలు. ఒక రకం వచ్చినవాళ్లకి మరో రకం వస్తే రెండోసారి ముదిరే ప్రమాదం ఎక్కువ. పోయినేడు మీ ఊళ్లో బాగా వచ్చింది కాబట్టి ఈ ఏడు మీరు మరింత జాగ్రత్తగా ఉండాలి.

బోదకాలుకి మీ డెల్టాలో చెయ్యగలిగిన చిన్న పని ఒకటుంది, సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి జాలీ గుడ్డ కట్టించడం. శుక్రవారం తిరిగేటప్పుడే ఇది కూడా చూసుకోండి. బోదకాలు నివారణకి ఇచ్చే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఎప్పుడైనా పంపిణీ చేస్తే సిబ్బంది ముందే మింగించండి, జేబులో వేసుకెళ్లినవి చాలామటుకు మింగరు.

ఇక ఏజెన్సీ మాట. మీ సంఘంలో ఎవరైనా అటువైపు చుట్టాల ఊళ్లో కూడా ఇదే చేద్దామంటే, ఇదే మాట అక్కడ చెప్పకండి. అక్కడి ముఖ్య సమస్య మలేరియా. ఆ దోమ గెడ్డల్లో, ఊటనీళ్లలో మెల్లగా పారే చోట పుట్టి రాత్రిపూట కుడుతుంది. డ్రమ్ములు తోమితే లాభం లేదు. మందు పట్టించిన దోమతెర, గోడలకి దోమల మందు పిచికారీ, ప్రతి జ్వరానికీ రక్తపరీక్ష, ఇవి కావాలి. నా మొదటి పోస్టింగులో ఊరంతా పిచికారీ చేయించి సంతోషంగా వచ్చాను. పది రోజులకి వెళ్తే ప్రతి ఇంటి గోడా ఎర్రమట్టితో కొత్తగా అలికి ఉంది. పండగ వచ్చింది, అలికారు, మందంతా మట్టి కిందికి పోయింది. తప్పు వాళ్లది కాదు, పండగ ఎప్పుడని నేను అడగలేదు. అప్పటి నుంచి ఏ ఊరు వెళ్లినా ముందు పెద్దల దగ్గర కూర్చుని పండగ తేదీ, అలికే తేదీ అడిగి ఆ తర్వాతే పిచికారీ రోజు పెట్టాను. అక్కడ చెప్పాల్సింది వాళ్ల భాషలో, వాళ్ల ఊరి మనిషి చేతే చెప్పించాలి. వైవాక్స్ అనే రకం మలేరియా వస్తే ప్రైమాక్విన్ మాత్రలు డాక్టరు చెప్పినట్టు 14 రోజులూ వాడాలని, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపితే కాలేయంలో దాగి ఉన్నది మళ్లీ లేస్తుందని పదే పదే చెప్పాలి.

మీరు వానలు పడకముందే మొదలుపెట్టండి. జూన్ మొదటి శుక్రవారం ఇరవై మందీ ముందు ఎవరి ఇంట్లో వాళ్లు టార్చి వేసి చూసుకోండి. మీ ఇళ్లలో దొరికిన పురుగునే సీసాలో పట్టుకుని ఊళ్లోకి వెళ్లండి. నవంబరు నెలాఖరు దాకా ఒక్క శుక్రవారం కూడా వదలొద్దు. వారం వారం అంకెలు రాసి పెట్టుకుని ఇక్కడ చెబితే, ఏ వీధిలో ఎందుకు తగ్గడం లేదో చూసి చెబుతాను.